పులిగండి వంతెన కుడికాలు

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం దోర్నపాల్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఉండగా మా తమ్ముడి కొడుకు శంకర్ ఊరి నుంచి ఫోన్ చేశాడు. "అత్తా, పులిగండి కాడ కొత్త పుల్ కడుతున్నరు గదా. ఆ ఇంజినీరు మేడం పాత పుల్ సంగతి తెలిసినోళ్ళు ఎవరన్న ఉన్నరా అని అడుగుతున్నది. ఆఫీసుల ఫైలు లేదట. ఊళ్ళ ఎవ్వరూ నోరు తెరుస్తలేరు. నీకు ఎరికేనా?" అన్నాడు. నాకేం తెలియదు అన్నాను. ముప్పై ఏళ్ళు ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పినదాన్ని, చేతిలో చింతపండు కింద పెట్టేలోపల అబద్ధమాడేశాను. ఫోన్ పెట్టేశాక అనుమానం మొదలైంది. ఇన్నేళ్ళకు ఎందుకు అడుగుతున్నారు? ఎవరి మీద పెట్టాలని? ఆ పిల్ల నిజంగా ఇంజినీరేనా, లేక ఇంకేదైనా కావాలని వచ్చి పుల్ మాట, అంటే పాత వంతెన మాట, సాకుగా ఎత్తుతోందా? రెండు రోజులు అలా గడిచాక, మా అవ్వ బతికి ఉంటే ఆమె కూడా సరిగ్గా ఇలాగే ఆలోచించేదని తోచి, సంచిలో రెండు చీరలు పెట్టుకుని బయలుదేరాను.

మా ఊరు సరిహద్దు అడవుల్లో, పామేడుకు ఒక పూట నడక దూరంలో ఉంటుంది. ఊరికీ బయటి ప్రపంచానికీ మధ్య పులిగండి. రెండు కొండలు నిట్టనిలువుగా తెగి, మధ్యలో ఎక్కడో అడుగున వాగు కనబడుతుంది. వేసవిలో పిల్లదారి పట్టుకుని దిగి, రాళ్ళ మీద వాగు దాటి, అవతల ఎక్కేసరికి మోకాళ్ళు వణికేవి. వానలు మొదలైతే ఆ దారి కూడా ఉండేది కాదు. మూడు నెలలు ఊరు ఊరంతా ఇవతలే. ఉప్పు, కిరసనాయిలు ముందే తెచ్చి పెట్టుకోవాలి. జబ్బులు మాత్రం ముందే తెచ్చుకోవడానికి వీల్లేదు గనక అవి వానల్లోనే వచ్చేవి.

మా అవ్వ పేరు గంగవ్వ, మా నాయనకు తల్లి. ఇంటికి పెద్ద ఆమే. అవ్వ దేన్నీ చూసిన వెంటనే నమ్మేది కాదు. సంతలో ఉప్పు కొనాలంటే ముందు అమ్మేవాడి చేత చిటికెడు నాకించేది. కుమ్మరి దగ్గర కుండను పైనా కిందా చుట్టూ వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, అక్కడున్న పది కుండల్లో ఒకటి తీసేది. నేను బడి నుంచి వచ్చి పాఠం అప్పజెప్పితే, "ఇది మీ పంతులు చెప్పిండా, నువ్వే కల్పిస్తున్నవా?" అని అడిగేది. ఆమె చిన్నతనంలో పట్వారీ ఒకడు వచ్చి వాళ్ళ నాయన చేత ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పోయాడట. మరుసటేడు చూస్తే వాళ్ళ చేను గట్టు జరిగి ఉందట. అప్పటినుంచీ కాగితం పట్టుకుని, ప్యాంటు వేసుకుని వచ్చే ఎవరినీ ఆమె గుమ్మం లోపలికి రానిచ్చింది లేదు.

అలాంటి అవ్వ వీర్రాజు మేస్త్రీని ఇంట్లో ఎలా ఉండనిచ్చిందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. అప్పుడు నాకు పదకొండేళ్ళు ఉంటాయేమో. పులిగండి మీద వంతెన కడతారని, అది కింద స్తంభాలు లేకుండా ఇటు కొండ నుంచి అటు కొండకు విల్లులా వంగి ఉంటుందని, కంపెనీ వాళ్ళు వచ్చి గుడారాలు వేశారు. వీర్రాజు కర్రపని, కాంక్రీటు పని రెండూ తెలిసిన పెద్ద మేస్త్రీ. గోదావరి వైపు మనిషి. గుడారంలో దుమ్ముకు దగ్గు ఎక్కువైందని, పడుకోవడానికి చోటు అడుగుతూ మా ఇంటికి వచ్చాడు. ముంగిట్లో ఇప్పపూలు ఎండబోసి ఉన్నాయి. ఆ తియ్యటి పుల్లటి వాసన మా ఇంట్లో చైత్రం నుంచి వైశాఖం దాకా బట్టల్లోనూ జుట్టులోనూ ఉండేది. అతను ఆ పూలు తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చి నిలబడ్డాడు. అవ్వ అది చూసిందనుకుంటాను.

"మీ దిక్కు వరి పండదా? ఇంత దూరం ఎందుకొచ్చినవ్?" అని అడిగింది.

"పండుద్దండి పెద్దమ్మగారూ. పొలం ఉన్నోళ్ళకి పండుద్ది," అన్నాడు.

అవ్వ కొట్టం ముందర చాప వేసుకోమంది. అయినా అనుమానం పోలేదు. అతను పనికి పోయాక చాప ఎత్తి చూసేది, పెట్టె కదిపి చూసేది. అతనికి పెట్టిన అంబలి అతను పూర్తిగా తాగేదాకా అక్కడే నిలబడేది. పారబోసి నవ్వుకుంటాడేమోనని.

లోయ అడుగు నుంచి పైదాకా మద్ది దుంగలు నిలబెట్టి, వాటి మీద విల్లు ఆకారంలో చెక్కలు పరిచి, ఆ చెక్కల మీద కాంక్రీటు పోయడం పద్ధతి. కాంక్రీటు గట్టిపడ్డాక కింది దుంగలు తీసేస్తే విల్లు తన బరువు తానే మోసుకుంటుంది. ఇది నాకు వీర్రాజే చీపురుపుల్లను వంచి చూపించి చెప్పాడు. మా నాయనా, ఊళ్ళో మగవాళ్ళూ ఆడవాళ్ళూ కంకర మోయడానికి పోయేవాళ్ళు. అయితే పని మొదలైన నాటి నుంచీ ఊళ్ళో ఒక మాట తిరుగుతూనే ఉంది. అంత పెద్ద పుల్ ఊరికే నిలబడదు, దానికి తలకాయ కావాలె అని. ఎవరు అన్నారో తెలియదు. అమ్మలు పిల్లల్ని ఒంటరిగా తునికాకుకు పంపడం మానేశారు. కంపెనీ జీపు కనబడితే మేం ఇళ్ళలోకి పరుగెత్తేవాళ్ళం. మా ఊరివాళ్ళు పగలంతా ఆ వంతెనకు కంకర మోసి, సాయంత్రం ఇంటికొచ్చి పిల్లల్ని లెక్కపెట్టుకునేవాళ్ళు.

విల్లు కుడికాలు పోసే రోజుల్లో వీర్రాజుకు చలిజ్వరం వచ్చింది. కుడికాలు అంటే మా ఊరివైపు కొండను తన్నిపెట్టి ఉండే భాగం. పది రోజులు కొట్టం ముందర దుప్పటి కప్పుకుని వణికాడు. అవ్వ నేలవేము కషాయం కాచి పోసింది. అదే వారంలో అకాల వాన పడింది. అతను లేచి పనికి పోయేసరికి కుడికాలు పోయడం అయిపోయింది. అప్పటినుంచీ మనిషి మారిపోయాడు. అందరూ వెళ్ళిపోయాక సాయంత్రం ఒక్కడే ఆ కాంక్రీటు దగ్గర కూర్చుని, చిన్న సుత్తితో ఒక్కొక్క చోట కొట్టి, చెవి ఆనించి వినేవాడు. మళ్ళీ జానెడు జరిగి కొట్టేవాడు. పెదాలు కదిలేవి. నేనూ నా స్నేహితురాలు సమ్మక్కా మేకల్ని తోలుకొస్తూ అది చూశాం.

ఆ మాట నేనే అన్నాను. సమ్మక్క కాదు, నేనే. "మేస్త్రీ పుల్‌తోని మాట్లాడుతుండు. ఎవరి తలకాయ కావాల్నో అడుగుతుండు," అన్నాను. మా ఇంట్లో ఉండే మనిషి గురించి నాకే ఎక్కువ తెలుసని గొప్పకు అన్నాను. నాలుగు రోజుల్లో ఊరంతా పాకింది. వీర్రాజు ఎదురుపడితే ఆడవాళ్ళు చంటిపిల్లల మీద కొంగు కప్పుకునేవాళ్ళు. అతను పలకరిస్తే మగవాళ్ళు తల తిప్పుకునేవాళ్ళు. నేను కూడా అతని దగ్గరికి పోవడం మానేశాను. నేను కల్పించిన మాటకు నేనే భయపడ్డాను.

ఆ మాట అవ్వ చెవిన పడ్డ రోజున ఆమె కర్ర పట్టుకుని పులిగండికి బయలుదేరింది. నేను వెనకాలే పోయాను. వీర్రాజు మామూలుగానే సుత్తితో కొడుతూ ఉన్నాడు. అవ్వ చాలాసేపు నిలబడి చూసింది.

"ఏంది మేస్త్రీ, కుండ కొట్టి చూసినట్టు చూస్తున్నవ్?" అంది.

వీర్రాజు తల ఎత్తి చూశాడు. ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడగాలని ఎదురు చూస్తున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. "గుల్ల మోతండి పెద్దమ్మగారూ. మీరే వినండి," అని ఒకచోట కొట్టాడు, ఇంకోచోట కొట్టాడు. నాకు రెండూ ఒకేలా వినబడ్డాయి. అవ్వకు మాత్రం వేరువేరుగా వినబడ్డాయి. "లోపల తేనెతుట్టెలాగా బొక్కలుండి ఉంటాయండి. వానకి తడిసి గడ్డకట్టిన సిమెంటు బస్తాలు గోడౌన్లో ఉండేవి. ఇప్పుడు లేవు. పైన చూడండి, ఎంత నున్నగా పూత పూశారో. బాగున్నదానికి పూత ఎందుకండి?"

అవ్వ ఆ పూతను గోటితో గీకి చూసింది. ఆ ఒక్క ప్రశ్న ఆమెకు చాలు. ఇంటికి వస్తూ దారంతా "బాగున్నదానికి పూత ఎందుకు" అని తనలో తాను అనుకుంటూ నడిచింది. ఆనాటినుంచీ అతని అంబలి దగ్గర నిలబడలేదు.

విల్లు మధ్యలో కలిశాక, కుడికాలు చెక్కి మళ్ళీ పోయాలి, పదిహేను రోజులు కావాలి అని వీర్రాజు కంపెనీ మేనేజరును అడిగాడు. మేనేజరు ఒప్పుకోలేదు. వానలు దిగబోతున్నాయి, వరద వస్తే కింది దుంగలు కొట్టుకుపోతాయి, ఈలోపలే తీసేయాలి అన్నాడు. ఊరివాళ్ళందరినీ ఆ మరుసటి ఉదయం లోయలోకి దిగి, దుంగల కింద బిగించిన చీలలు కొట్టి ఊడదీయమన్నారు. మా నాయన కూడా పోవాలి. పొద్దున్నే అమ్మ అంబలి పోస్తుంటే వీర్రాజు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "ఇవాళ ఎవర్నీ కిందకి దిగనివ్వకండి," అన్నాడు.

"నిజంగ పడుతదా?" అని అవ్వ అడిగింది.

"తెలీదండి. పడచ్చు, పడకపోవచ్చు. పడదని మాత్రం నేను చెప్పలేను."

అవ్వ లోయ అంచుకు పోయింది. జనం అప్పటికే పలుగులు పట్టుకుని గుమిగూడి ఉన్నారు. మొదట ఉన్నదున్నట్టే చెప్పింది. కాలు గుల్లగా ఉంది, మేస్త్రీ చూసిండు, దిగకండి అంది. ఎవరూ వినలేదు. అందరికంటే ముందు నిలబడ్డవాడు ఎర్రయ్య, అప్పటికి పాతికేళ్ళ పిల్లగాడు. "అవ్వా, వాని మాట నువ్వు నమ్ముతున్నవా? తల కోసం వచ్చినోడు వాడు," అన్నాడు. కొందరు పక్కకు తిరిగి నవ్వారు. కొందరు దిగడం మొదలుపెట్టారు. మా నాయన నడుముకు తాడు కట్టుకుంటున్నాడు.

అప్పుడు అవ్వ గొంతు మార్చింది. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. "అవ్, వాడు తల కోసమే వచ్చిండు. రోజూ పుల్‌ను అడిగిండు. నేను నా చెవులతోని విన్న. ఇయ్యాల మొదట ఎవడు దాని కిందికి పోతడో వాన్నే కావాలన్నది. పోండి మరి, ఎవడు పోతడో పోండి," అంది.

దిగినవాళ్ళు ఎక్కి వచ్చారు. పలుగులు అక్కడే పడేశారు. మేనేజరు అరిచాడు, బతిమాలాడు, జీపు ఎక్కి ఎవరినో తీసుకొస్తానని పోయాడు. ఒక్కరూ దిగలేదు. మా నాయన తాడు విప్పుకున్నాడు.

అవ్వ చెప్పిన అబద్ధం మా నాయనను కాపాడిందో లేదో ఆ పూట ఎవరికీ తెలియదు. అది ఎవరి మీద పడిందో మాత్రం వెంటనే తెలిసింది. ఎర్రయ్య, అతని వెంట పదిమంది, గొడ్డళ్ళు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. వీర్రాజు పెట్టె సర్దుకుంటున్నాడు. అవ్వ అతన్ని వెనక దడి తీసి అడవిదారిలోకి తోసింది. చర్ల వైపు పొమ్మంది. నేను అక్కడే ఉన్నాను. అతను నన్ను చూసి, "పాపా, నేనెవరితోటీ మాట్లాడలేదమ్మా," అన్నాడు. అతనికి ఎలా తెలిసిందో నాకు తెలియదు. నేను గోడ వైపు తిరిగాను. పెట్టె మా ఇంట్లోనే ఉండిపోయింది. అవ్వ ముందుగుమ్మంలో అడ్డంగా కూర్చుని, వాడు పొద్దున్నే పారిపోయిండని వాళ్ళతో చెప్పింది.

ఆ వారంలోనే వానలు దిగాయి. తొమ్మిదో రోజు వరదలో కొట్టుకొచ్చిన చెట్లు దుంగలకు తగిలి, దుంగలన్నీ ఒరిగి, వాటితోపాటు విల్లు కూడా కుడివైపు నుంచి విరిగి లోయలో పడింది. ఆ చప్పుడుకు మా కొట్టంలో పశువులు తాళ్ళు తెంపుకున్నాయి. కంపెనీ వాళ్ళు సామాన్లు ఎత్తుకుని పోతూ, చెప్పిన రోజున దుంగలు తీసి ఉంటే వరదకు అడ్డమే ఉండేది కాదు, పుల్ నిలబడేది, మీ మూఢనమ్మకమే దాన్ని కూల్చింది అన్నారు. ఆ తర్వాత మా అడవిలోకి అన్నలూ పోలీసులూ తుపాకులతో వచ్చారు, మా వైపు రోడ్డు మాట ఎత్తే రోజులు కావు. ఆ సంగతి మా దిక్కువాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

వంతెన లేకుండానే మా చెల్లెలికి పెళ్ళయింది, నెలలు నిండాయి. శ్రావణంలో నొప్పులు మొదలై రెండో రోజు మంచం మీద మోసుకుని పులిగండి అంచుదాకా తీసుకుపోయారు. అక్కడే ఆగాల్సి వచ్చింది. అక్కడే పోయింది. అవ్వ అప్పటికి మంచం పట్టి ఉంది. వార్త విని ఏడవలేదు. నన్ను పిలిచి, "ఆ మేస్త్రీ నిజమే చెప్పిండంటవా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆమె నాకు వదిలి పోయింది. వీర్రాజు మాట నిజమైతే అవ్వ ముప్పైమందిని బతికించింది. కాకపోతే మేమిద్దరం, ఒక పిల్ల గొప్పకు అన్న మాటతో, ఒక ముసలామె అల్లిన అబద్ధంతో, ఊరికి ఒక తరం పాటు దారి లేకుండా చేశాం. దోర్నపాల్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ వాన పడ్డ ప్రతిసారీ ఈ రెండింటి మధ్యే తిరిగాను. ఊళ్ళో మాత్రం అనుమానమే లేదు. పిల్లలు అన్నం తినకపోతే, "మేస్త్రీ వస్తడు, సుత్తితో తల కొట్టి చూస్తడు" అని భయపెట్టేవాళ్ళు. ఇప్పటికీ భయపెడతారు.

ఈసారి వెళ్ళేటప్పుడు దారిలో మూడు చోట్ల పోలీసులు ఆపి ఆధార్ కార్డు చూశారు. పులిగండి దగ్గర దిగితే గుర్తుపట్టలేకపోయాను. రెండు కొండల మీదా ఎత్తైన ఇనుప స్తంభాలు, వాటి నుంచి లాగిన లావుపాటి తీగలు. ఆ తీగలు పట్టుకుని ఉండగా రెండు ఒడ్డుల నుంచీ విల్లు ముక్కముక్కగా ముందుకు పెరుగుతోంది. లోయలో ఒక్క దుంగ లేదు. రాయ్‌పూర్ నుంచి వచ్చిన ఇంజినీరు అమ్మాయి నాకంటే ముప్పై ఏళ్ళు చిన్నది. కుర్చీ వేయించి, టీ ఇచ్చి హిందీలో అడిగింది. పాత విల్లు కాళ్ళ మొదళ్ళు, ఆ కాంక్రీటు దిమ్మలు, రాతిలో లోతుగా దిగి ఉన్నాయట. వాటిని తీసేయాలా, పనిచేసే దారికి వాడుకోవచ్చా అని తేల్చుకోవాలట. కాగితం తీసి రాసుకోబోతే వద్దన్నాను. కాగితం పక్కన పెట్టేసింది. అప్పుడు మొదటినుంచీ అంతా చెప్పాను. నేనన్న మాటతో సహా.

ఆమె చివర లేచి, "రెండు వైపులా నిన్ననే తొలిచి నమూనాలు తీయించాను. మీ మాట విన్నాకే చూపిద్దామని ఆగాను," అంది. నన్ను పరీక్షించిందన్నమాట. కోపం రాలేదు. ఎడమ దిమ్మ నుంచి తీసింది చేయంత పొడుగున నున్నటి ఒకే కాంక్రీటు కడ్డీ. కుడి దిమ్మది ట్రేలో పోసి ఉంది. గులకరాళ్ళు, బూడిదరంగు పొడి, గడ్డలు, మధ్యలో గోనెసంచి పీచు. వేలితో నొక్కితే గడ్డ చిట్లింది. "దీని మీద విల్లు ఆగేది కాదు. ఆ రోజు చీలలు కొట్టి ఉంటే కింద ఉన్నవాళ్ళెవరూ మిగిలేవారు కారు," అంది. అవ్వ లేదు, నాయన ముసలితనంలో జబ్బు చేసి మంచం మీదే కన్నుమూశాడు. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఊరివాళ్ళకే చెప్పాలనిపించింది. మరుసటి ఉదయం శంకర్ పంచాయతీ భవన్ ముందు జనాన్ని పోగు చేశాడు. మేస్త్రీ తలకాయల కోసం రాలేదని, మనవాళ్ళ ప్రాణం కాపాడాడని, ఆ పుకారు పుట్టించింది నేనని చెప్పాను. వెనక నుంచి ఒక అమ్మాయి, చంకలో పిల్లాణ్ణి సర్దుకుంటూ, "ఇప్పుడెందుకు చెప్తున్నవ్ టీచరమ్మా? కంపెనీవోళ్ళు చెప్పమన్నరా?" అంది. కొందరు తలలూపారు. కొత్త పుల్ పూర్తయ్యే ముందు ఊరివాళ్ళ భయం పోగొట్టడానికి నన్ను పిలిపించి మాట్లాడించారని అప్పటికే అనుకుంటున్నారట. నేను కాదన్నాను. కాదన్నకొద్దీ వాళ్ళ కళ్ళలో అది గట్టిపడుతూ ఉండడం చూసి మానేశాను. నా మాటలో నిజం ఎంతో వాళ్ళెలా తేల్చుకుంటారు? వాళ్ళ స్థానంలో నేనున్నా నమ్మేదాన్ని కాదు.

బండి ఎక్కడానికి రోడ్డు దాకా నడుస్తుంటే ఎర్రయ్య వెనక నుంచి వచ్చి పక్కన నడిచాడు. ఇప్పుడు ఎనభైకి దగ్గర. సభకు అతనూ వచ్చాడు. కర్ర ఆనించుకుంటూ, నేల చూస్తూ చాలా దూరం వచ్చాడు. ఎవరూ వినడం లేదని చూసుకుని, "ఆయనది ఏ ఊరు?" అన్నాడు. మేస్త్రీని ఆయన అన్నాడు, వాడు అనలేదు.

"గోదావరి దిక్కు," అన్నాను.

"గోదావరి దిక్కు అంటే ఏ ఊరు?"

నాకు తెలియదు. ఎందుకొచ్చావు, ఏం తింటావు, పెట్టెలో ఏముంది అని అవ్వ అడగనిది లేదు. నేను కనిపెట్టనిది లేదు. ఊరి పేరు చెప్పినా మాకు తెలిసేది కాదనుకున్నామో ఏమో, మా ఇంట్లో ఆ ఒక్కటీ ఎవరం అడగలేదు. తెలియదనే చెప్పాను.

ఎర్రయ్య నా ముఖంలోకి చూశాడు. దాస్తున్నాననుకున్నట్టున్నాడు. "చెప్పకున్న మంచిదే," అని వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "ఎరికైతే ఫోన్ చెయ్. పిలగాన్ని తోడు తీసుకొని ఆయన ఊరికి పోయొస్త. ఊళ్ళ మాత్రం చెప్పకు."